రెండో ఫొటో

మా అమ్మాయి ఈ మధ్యాహ్నం బడిలో తాడాట ఆడుతూ జారిపడి మణికట్టు వాపు తెచ్చుకుంది. టౌన్‌షిప్ ఆసుపత్రికి తీసుకువెళితే ఎముక చిట్లిందేమో చూడాలని ఎక్సరే రాశారు. ఆ గది తలుపుకి ఆకుపచ్చ రేకు బోర్డు, దాని మీద తెల్ల అక్షరాలతో "గర్భిణీ స్త్రీలు ముందుగా తెలియజేయవలెను" అని రాసి ఉంది. అమ్మాయి ఒక్కతే కూనిరాగం తీసుకుంటూ లోపలికి వెళ్ళి, నేను ఆ బోర్డు చదవడం పూర్తిచేసేలోగానే అదే రాగంతో బయటికి వచ్చేసింది. నేను మాత్రం ఆ తలుపు ముందు నించున్నదాన్ని అలాగే నించుండిపోయాను. వెనక వరసలో ఉన్న ముసలాయన "కాస్త పక్కకి జరగమ్మా" అనేదాకా నాకు స్పృహ లేదు.

ఇప్పుడు పిల్లలిద్దరూ నిద్రపోయారు. మావారు షిఫ్టు నుంచి ఇంకా రాలేదు. అమ్మాయి నిద్దట్లో ఆ కట్టు కట్టిన చేతి మీదకి ఒత్తిగిలుతుందేమోనని నాకు భయం. పిల్లల విషయంలో నా భయాలకి మా ఇంట్లో పెద్ద పేరే ఉంది. అందుకని దాని పక్కనే మేలుకుని కూర్చున్నాను, మేలుకుని ఊరికే కూర్చోలేను గనుక రాస్తున్నాను. నా ఈడు వాళ్ళకి, ముఖ్యంగా స్టీల్‌ప్లాంటు ఇంకా కడుతున్న రోజుల్లో గాజువాక చుట్టుపక్కల అద్దెవాటాల్లో కాపురాలు మొదలుపెట్టినవాళ్ళకి, నేను చెప్పబోయేది మరీ వింతగా అనిపించదనుకుంటాను.

ఆ రోజుల్లో ఎక్సరే అంటే ఇప్పటిలాంటి మాట కాదు. ఫలానావారింట్లో ఎక్సరే దాకా వెళ్ళిందట అన్నారంటే ఆ ఇంటి ముందు నుంచి నడిచేవాళ్ళు కూడా గొంతు తగ్గించేవారు. ఎక్సరే అంటే క్షయ అనీ, క్షయ అంటే పెళ్ళికావలసిన పిల్లలున్న ఇంట్లో పలకకూడని మాట అనీ అందరికీ ఒక లెక్క. నా మటుకు నేను ఎక్సరే ఫిల్మును చేత్తో పట్టుకున్నది మొదటిసారి సూర్యగ్రహణం నాడు. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చుంటే, మేము హాస్టలు మేడ మీద ఎవరిదో పాత ఫిల్మును చేతులు మార్చుకుంటూ, ఎవరివో తెలియని పక్కటెముకల సందులోంచి సూర్యుణ్ణి చూశాం. అలా చూడటం కళ్ళకి ఎంత ప్రమాదమో చాలా కాలం తర్వాత తెలిసింది. ఎక్సరేల పాఠమైతే చదువుకున్నాను. ఆ కిరణాల్ని కనిపెట్టినాయన తొలిరోజుల్లోనే తన భార్య చేతిని ఫొటో తీశాడని, అందులో వేలి ఎముకలూ వాటి మీద వదులుగా ఉంగరమూ కనిపించాయని మా ఫిజిక్సు మేడమ్ చెప్పినప్పుడు క్లాసంతా తమ తమ చేతుల వంక చూసుకుంది. ఆ చదువంతా మార్కులకి పనికొచ్చింది, అంతే. అవసరమైన రోజున నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు.

మావారు అప్పట్లో ప్లాంటు పనులు చేస్తున్న ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డింగు చూసేవారు. ఎలమంచిలి పక్క పల్లెలో, భూమిని నమ్ముకున్న ఇంట్లోంచి ఐటీఐ చదివి పట్నం పనికి వచ్చిన మొదటి మనిషి ఆయనే. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని లారీ ఎక్కితే, సాయంత్రం నెత్తిన ఎర్రదుమ్ముతో, సెగకి కమిలిన బుగ్గలతో దిగేవారు. వరసగా కట్టిన వాటాల్లో చివరిది మాది. ఒక గది, వెనక వంటకి కాస్త చోటు, ముందు సన్నటి వరండా. అటుపక్క వాటాలో బెంగాలీవాళ్ళు, ఇటుపక్క ఒడియావాళ్ళు, నీళ్ళ పంపు దగ్గర అందరి భాషా ఒకటే అయిపోయేది.

సైటులో జరిగే సంగతులన్నిట్లోకీ ఆయన ఎక్కువ సరదాగా చెప్పేది ఎక్సరే సంగతి. లావాటి ఇనప రేకుల్ని అతికినప్పుడు ఆ అతుకు లోపల బుడగలేవైనా మిగిలాయేమో పైకి తెలియదు కదా, అందుకని అతుకులకీ ఎక్సరే తీస్తారట. బరువైన పెట్టె ఒకటి పట్టుకుని ఆ మనుషులు దిగగానే చుట్టూ తాడు కట్టి, ఎర్రజెండాలు పాతి, ఈల వేస్తారట. ఈల వినిపిస్తే ఎంత పనిలో ఉన్నవాడైనా చేతిలోది అక్కడ పడేసి పరుగెత్తాల్సిందే. అది తగిలితే పిల్లలు పుట్టరట, ఆ పరుగులోనూ వాళ్ళకి హాస్యమే. "బావా, నీకింకా గుంటలు కావాలేటి? అయితే బేగి పరిగెట్టు, నాకైతే ముగ్గురు సాలు, నాను నడిసే వత్తాను" అని ఒకరినొకరు తోసుకుంటూ పోయి ఎక్కడో దూరాన ఇసుకగుట్టల వెనక నక్కేవారట. నేనూ నవ్వేదాన్ని. ఎక్కడో వేరే ఊళ్ళో ఆ పెట్టెలోంచి జారిన చిన్న ముక్కని తెలియక జేబులో వేసుకున్నవాడి తొడ పుండైపోయిందని కూడా చెప్పుకునేవారట. నిజమో కాదో ఎవరూ చూడలేదు గానీ, ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం ఆయన నవ్వేవారు కాదు.

మా పెద్దవాడికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఒకనాడు వరండాలో ఆడుకుంటున్నవాడికి ఉన్నట్టుండి పొలమారింది. ముఖం ఎర్రబడేదాకా దగ్గి, నేను వీపు మీద చరిచేసరికి ఊరుకుని, ఏమీ జరగనట్టు మళ్ళీ ఆటలో పడ్డాడు. ఎవరి పిల్లలకి పొలమారదు? ఆ సంగతి ఆ పూటకే మరచిపోయాం. నాలుగు రోజులకి దగ్గు పట్టుకుంది. తర్వాత జ్వరం, తగ్గడం, మళ్ళీ జ్వరం, రొమ్ములో పిల్లికూతలు. సందు చివర మందులిచ్చే ఆయన ఎర్ర సీసాలు మార్చి మార్చి ఇచ్చాడు. మా అత్తగారు ఊరి నుంచి బస్సు మీద వచ్చి వాము కాచి, తమలపాకు వెచ్చచేసి రొమ్ము మీద వేసి, ఒకరి చేత మంత్రం కూడా పెట్టించారు. వాడు మాత్రం రోజురోజుకీ తేలికైపోతున్నాడు. ఎత్తుకుంటే ఎముకలు తగిలేవి. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్క లోపలికి పోయి గుంటపడేది. ఆ గుంట వంక చూస్తూ కూర్చోవడం తప్ప నాకు మరో పని లేకపోయింది.

చివరికి పట్నంలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళాం. ఆవిడ వాడి వీపు మీద రెండు పక్కలా మార్చి మార్చి విని, కుడివైపు గాలి సరిగ్గా ఆడటం లేదు, ముందు ఎక్సరే తీయించి తీసుకురండి అని చీటీ రాశారు. ఆ మాట వినగానే మావారి ముఖం ఎలా మారిందో ఇవాళ్టికీ కళ్ళకి కట్టినట్టుంది. బయటికి వచ్చి, ఎదురుగా ఉన్న ఎక్సరే సెంటరు వైపు చూడనుకూడా చూడకుండా బస్సెక్కించేశారు.

"అంత లావు ఇనుములోంచి దూరిపోద్దే అది," అన్నారు దారిలో, నా వైపు చూడకుండా. "మమ్మల్నే అల్లంత దూరం తరిమేత్తారు. అలాటిది గుంటడి రొమ్ము మీద ఎట్టమంటావా?"

నేను అది వేరు ఇది వేరు అన్నాను. ఎలా వేరు అని అడిగారు. నాకు చెప్పడం రాలేదు. పుస్తకంలో ఉన్నది పుస్తకంలో ఉంది. ఆయన మాత్రం ఆ తాడునీ, జెండాల్నీ, పరుగెత్తే మనుషుల్నీ తన కళ్ళతో చూస్తున్నారు. చూసినవాడికి చదివినదాన్ని నేనేం చెప్పగలను? మా అత్తగారు కొడుకునే సమర్థించారు. "మా ఊళ్ళో ఒకడికి ఎక్సరే తీసినారు, నెల తిరక్కుండా పోనాడు," అన్నారు. ఆ పోయినాయనకి ముందు నుంచే ఏ జబ్బుందో ఆవిడకీ తెలియదు.

నా దగ్గర దాచుకున్న సంగతి ఇంకొకటి ఉంది. నాకు మళ్ళీ నెల తప్పింది. ఇంట్లో చెప్పలేదు. సిగ్గుతో కాదు. కడుపుతో ఉన్న తల్లి పాలు తాగితే బిడ్డ చిక్కిపోతాడని మా వైపు గట్టి నమ్మకం. వాడింకా రాత్రిళ్ళు పాలు తాగుతున్నాడు. ఈ మాట బయటపడితే, అదే వాడి జబ్బు, పాలు మానిపిస్తే చాలు అనేసి మరి ఏ డాక్టరు గుమ్మమూ తొక్కనివ్వరని నా భయం. కాదని తెలిసి కూడా, ఒక్కోసారి పాలిస్తూ నిజంగా అదేనేమో అనిపించేది. అప్పుడు వాడి నోట్లోంచి రొమ్ము తీసేసేదాన్ని. వాడు ఏడవడానికి ఊపిరి చాలక ఊరికే నోరు తెరిచేవాడు. అది చూడలేక మళ్ళీ ఇచ్చేదాన్ని.

ఒకనాటి సాయంత్రం మావారు పని నుంచి వచ్చి వాణ్ణి ఎత్తుకుని, కాసేపు అటూ ఇటూ తిరిగి, మర్నాడు తానే సెలవు పెట్టి మమ్మల్ని డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరదీశారు. మా అత్తగారు కూడా వచ్చారు. అయితే ఎక్సరేకి ఒప్పుకుని కాదు, వేరే మందేదైనా రాయించుకుందామని. డాక్టరమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కోప్పడకుండా, అసలు మీ సైటులో ఏం చేస్తారో చెప్పమని అడిగి విన్నారు.

"మిమ్మల్ని తరమడమే న్యాయం," అన్నారు ఆవిడ. "ఆ పెట్టెలో ఉన్నది ఎప్పుడూ కిరణాలు చిమ్ముతూనే ఉంటుంది, ఆపుదామన్నా ఆగదు. పైగా అంగుళాల ఇనుము దాటాలి. ఇక్కడిది కరెంటు మిషను. మీట నొక్కితే రెప్పపాటు వస్తుంది, వదిలితే ఆగిపోతుంది. మీవాడి రొమ్మెంత, నా అరచేయంత లేదు. దానికి ఎంత కావాలి చెప్పండి?"

"అయితే అసలేటీ అవ్వదంటారా?" అన్నారు మావారు.

"అని అబద్ధం చెప్పను బాబూ. పిసరంత ఉంటుంది. అందుకే ఊరికే ఎవరికీ రాయను, ఒక దానితో సరిపోతే రెండోది తీయనివ్వను. కానీ ఇప్పుడు నేను వీడికి కళ్ళుమూసుకుని మందు పోస్తున్నాను. లోపల ఏముందో తెలియకుండా ఇంకో వారం పోస్తే ఆ హాని ముందు ఇది ఎక్కడికీ చాలదు."

మావారు తలూపారు. ఆ ఊపులో నమ్మకం లేదని నాకు తెలుసు. కాదనడానికి మాట దొరక్కపోతే ఆయన అలాగే ఊపుతారు.

ఎక్సరే సెంటరు రోడ్డుకి అవతల, పాతకాలపు పెంకుటింటి వెనక వసారాలో ఉండేది. ఫొటో తీసే ఆయన నడివయసు మనిషి, చొక్కా చేతులు పైకి మడిచి తలుపు దగ్గరే నించున్నాడు. పిల్లాణ్ణి చూసి, ఇంత చిన్నవాడు కదలకుండా ఉండడు, ఎవరో ఒకరు లోపల పట్టుకోవాలి, తల్లే కదా అని నా వైపు తిరిగి, రోజూ పదిమందిని అడిగే మాట కాబోలు, మామూలుగా అడిగేశాడు.

"అమ్మా, నెల తప్పలేదు కదా? తప్పితే లోపలికి రాకూడదు."

నేను అవుననలేదు, కాదనలేదు. తల వంచుకున్నాను. అంతే.  మావారు నన్ను చూస్తున్నారని తెలుస్తోంది, తలెత్తే ధైర్యం లేదు. ముందు తేరుకున్నది మా అత్తగారే.

"అదీ సంగతి. గుంటడు ఎందుకు సిక్కిపోతన్నాడో ఇప్పుడు తెలిసింది," అన్నారు. గొంతులో కోపం లేదు, పెద్ద బరువు దిగినట్టు ఉంది. "ఇన్నాళ్ళూ సెప్పావు కాదేటే? పాలు మానిపిత్తే అదే తిరుక్కుంటాడు. ఒరే, ఎల్పోదాం రా. ఫొటోలూ గీటోలూ ఏటీ వద్దు."

నేను భయపడింది అక్షరాలా అలాగే జరిగింది, ఆ తలుపు రెండడుగుల దూరంలో ఉండగా. నన్ను లోపలికి రానివ్వరు. మావారికి ఆ గదంటేనే ప్రాణభయం. ఇంటికి పోవడానికి ఇప్పుడు ఆయనకి తల్లి మాట దొరికింది, మగవాడి పరువు పోని దారి. నేను అత్తా, అది కాదు అనబోయాను.  అన్నా నా మాట ఎవరికి కావాలి, ఇంతసేపూ దాచినదాన్ని నేనే కదా.

 పిల్లాడు మావారి భుజం మీద ఉన్నాడు, ఆయన అరచెయ్యి వాడి వీపు మీద ఉంది. ఆ చేతి కింద వాడి డొక్కలు ఎగరడం నాకు ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది.  ఆయన తలుపు తోసుకుని లోపలికి వెళ్ళారు.

తలుపు మూసుకుంది. దాని మీద ఎర్రబల్బు వెలిగింది. మా అత్తగారు ఒక్క క్షణం దాని వంక చూసి, "కడుపుతో ఉన్నోలు రాకూడదంటే, ఇది గ్రానం లాటిదేటి?" అని గ్రహణం పట్టింపు గుర్తుకొచ్చి తనలో తానే అనుకుని, మరి ఆలస్యం చెయ్యకుండా నా రెక్క పట్టుకుని వసారా చివరికంటా లాక్కుపోయారు. నన్ను గోడవారన కూర్చోబెట్టి, తాను నాకూ ఆ తలుపుకీ మధ్య, తలుపువైపు వీపు పెట్టి, చీర కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకుని మఠం వేసుకుని కూర్చున్నారు. ఎక్సరే వద్దని వారం రోజులు వాదించిన మనిషికి, గర్భిణి దూరంగా ఉండాలన్న ఒక్క మాట మాత్రం ఎవరూ విడమరచి చెప్పకుండానే అర్థమైపోయింది. అటుగా వచ్చిన ఆయాని, "పొట్టలో ఉన్నోడికి పడనిది సంకలో ఉన్నోడికి ఎలాగ పడతాది?" అని నిలదీశారు కూడా. "పచ్చికుండ మీద వేలెడితే సొట్టడిపోద్ది, కాల్చిన కుండ మీద ఎడితే పడద్దేటమ్మా?" అని ఆవిడ చీపురు ఆపకుండానే చెప్పి పోయింది. అత్తగారు ఆ జవాబుని నమిలి, కొంగు ఇంకా బిగించి కప్పుకున్నారు.

లోపల నుంచి వాడి ఏడుపు వినిపిస్తోంది. బల్ల చల్లదనానికో, చీకటికో. తర్వాత ఫొటో తీసే ఆయన గొంతు: "అది మీకండీ, సీసం కోటు, మీరు వేసుకోవాలి. పిల్లాడికి కప్పేస్తే ఫొటోలో మీ సీసమే కనిపిస్తుంది." మావారు, కిరణాలు తగలకుండా తనకిచ్చిన కోటు విప్పి వాడికి కప్పబోయారన్నమాట. ఆయన ఏదో గొణిగారు. "బొడ్డు కిందకి నేను కప్పాను కదండీ, పైన వద్దు. చేతులు గట్టిగా పట్టుకోండి, ఏడవనివ్వండి, ఏడిస్తేనే మంచిది, ఊపిరి నిండా పీలుస్తాడు." ఆ మాట వింటే నాకు ప్రాణం పోయినట్టయింది. నేను ఇక్కణ్ణుంచి వాణ్ణి ఒక్కసారి పిలిస్తే ఊరుకుంటాడు. పిలవకూడదు. ఏడ్చి ఏడ్చి వాడు మళ్ళీ గాలి పీల్చుకోవడానికి ఆగిన ఆ ఒక్క సందులో లోపల టక్కుమని చప్పుడైంది.

మావారు బయటికి వచ్చారు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. పిల్లాణ్ణి నాకివ్వబోయి, ఏమనుకున్నారో, వాళ్ళమ్మకి ఇచ్చారు. అయిపోయింది కదా అని నేను లేచి నించుంటుండగా ఫొటో తీసే ఆయన తలుపులోంచి తల బయటపెట్టాడు.

"వెళ్ళిపోకండి. ఇంకోటి తీయాలి. ఇది ఊపిరి పీల్చినప్పటిది. వదిలినప్పుడు కూడా ఒకటి కావాలని డాక్టరమ్మగారు రాశారు. అది చూస్తేనే తేడా తెలుస్తుంది."

"ముందే సెప్పలేదేటి?" అన్నారు మావారు. అరవలేదు. చాలా నెమ్మదిగా అన్నారు.

నా వైపు చూశారు. వెళ్ళమనాలో వద్దనాలో నాకు తెలియలేదు. వెళ్ళమంటే ఆయన్ని పంపుతున్నాను, వద్దంటే వాణ్ణి ఒదిలేస్తున్నాను. సైటులో ఈల వేస్తే చేతిలో ఉన్నది పారేసి పరుగెత్తే మనిషి, డాక్టరమ్మ చెప్పినది ఒక్క ముక్కా నమ్మని మనిషి, ఒకసారికే తనకీ బిడ్డకీ ఏదో అయిపోయిందని లోపల లోపల అనుకుంటున్న మనిషి, తల్లి చేతుల్లోంచి పిల్లాణ్ణి తీసుకుని రెండోసారి ఆ గదిలోకి వెళ్ళారు. ఈసారి వాడికి ఏడవడానికి కూడా ఓపిక లేదు. సన్నగా ఒక మూలుగు, దాని చివర టక్కుమన్న చప్పుడు.

క్లిప్పులకి వేలాడదీసిన ఫిల్ములు నీళ్ళు కారుతుండగానే పట్టుకుని రోడ్డు దాటాం. డాక్టరమ్మ వాటిని పక్కపక్కన వెలుతురుకి పెట్టి మాకూ చూపించారు. మొదటి దాంట్లో నాకు రెండు పక్కలా ఒకలాగే ఉన్నట్టనిపించింది. రెండో దాంట్లో మాత్రం ఎడమవైపు ఊపిరితిత్తి ముడుచుకుంది, కుడివైపుది ముడుచుకోకుండా నల్లగా ఉబ్బి, గుండెని అవతలికి నెట్టేస్తోంది. గాలి లోపలికి వెళుతోంది గానీ బయటికి రావడం లేదని, దారిలో ఏదో అడ్డుపడి ఉంటుందని, గింజలూ పప్పులూ ఏమైనా నోట్లో పెట్టుకున్నాడా అని ఆవిడ అడిగారు. అడ్డుపడినది ఫొటోలో కనపడదట, అది ఆపిన గాలి కనపడుతుందట. అప్పుడు నాకు వరండాలో పొలమారిన రోజు గుర్తుకు వచ్చింది. ఆ రోజే పెద్దాసుపత్రిలో చేర్చాం. మర్నాడు మత్తిచ్చి, గొట్టం వేసి తీశారు. నానిపోయిన వేరుశెనగ పలుకు, సగం ముక్క. వాడి ఒళ్ళంతటినీ ఆరబెట్టింది అదే. మా అత్తగారూ దాన్ని చూశారు. పాల మాట మరి ఎన్నడూ ఎత్తలేదు.

వాడు నెమ్మదిగా తేరుకున్నాడు. తేరుకోనిది ఆయన. ఇంటికి వచ్చిన రాత్రి నుంచి వరండాలో పడక వేసుకున్నారు. లోపల ఉక్కగా ఉందన్నారు. మంచు పడే రోజులు, పక్కవాటాలవాళ్ళు రాత్రి తలుపులు వేసుకుని దుప్పట్లు కప్పుకుంటున్నారు. మేమిద్దరం పోట్లాడుకున్నామని మా అత్తగారు అనుకున్నారు, బెంగాలీ ఆవిడ కూడా అనుకుంది. అన్నం తినే ముందు చేతులు కడుక్కుని అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకునేవారు. ఏమిటంటే వెల్డింగు మరకలనేవారు. చివరికి ఒకరోజు నేను వదలకుండా అడిగితే, "నాకు రెండుసార్లు తగిలిందే. నీ పక్కన పడుకోడం మంచిది కాదు," అన్నారు.

మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు నేనే డాక్టరమ్మని అడిగాను. ఆవిడ నవ్వలేదు. "దీపం ఆర్పేశాక గదిలో వెలుగు మిగులుతుందా బాబూ?" అన్నారు. మావారు తలూపారు. ఆ రాత్రి కూడా చాప వరండాలోనే పరచుకున్నారు. అమ్మాయి పుట్టేదాకా అక్కడే పడుకున్నారు. పుట్టిన రోజున ఆసుపత్రిలో దాన్ని ఒళ్ళోకి తీసుకుని, పొత్తిగుడ్డ విప్పి, చేతులూ కాళ్ళూ వేలు వేలూ తడిమి చూసి, మళ్ళీ చుట్టలేక నా వైపు అందించారు. 

ఇప్పుడు ప్లాంటులో ఆ తాళ్ళూ జెండాలూ లేవు. కట్టడం పూర్తయిన చోట కొలుములు వెలుగుతున్నాయి. మాకు క్వార్టరుంది, నడిచివెళ్ళే దూరంలో ఆసుపత్రి ఉంది, జలుబు చేసినా ఎక్సరే రాయరా అని డాక్టర్లని అడిగేవాళ్ళున్నారు. అవసరం లేకుండా ఎందుకమ్మా అని వాళ్ళే ఆపవలసి వస్తోంది. మా అత్తగారు పోయి రెండేళ్ళయింది. పెద్దవాడికి ఏమీ గుర్తులేదు, గుర్తుండే వయసూ కాదు. మావారిని అడిగితే, ఏదో ఫొటో తీయించాం కదా అంటారు.

ఇవాళ పిండికట్టు ఆరేదాకా ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడు ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. సీసం కోటు, వరండా, తన వేళ్ళు తడిమి చూడటం, అన్నీ. అది శ్రద్ధగా విని, చివరికి కిసుక్కున నవ్వింది.

"నాన్న అంత పిరికోడా అమ్మా? ఎక్సరేకి కూడా భయమేనా?"

కాదే అన్నాను. మరేమిటి అంది. ఎన్ని రకాలుగా మొదలుపెట్టినా మాట సగంలో ఆగిపోయింది. భయపడటానికి అందులో ఏముందమ్మా అని అది అడుగుతూనే ఉంది. నిజమే, ఏమీ లేదు. ఆ గదిలో ఏముందో ఇప్పుడు చిన్నపిల్లలకి కూడా తెలుసు, ఇంతకంటే కావలసిందేముంది. కానీ అది అందరికీ తెలిసిపోయాక, ఆ రోజు ఆయన రెండోసారి లోపలికి వెళ్ళడంలో ఏముందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలిపోయాను.